సైకిల్ ట్రయల్స్ మొదలుపెట్టాలంటే: ముందు సెక్షన్ వేయడం నేర్చుకోండి

మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. హనుమకొండలో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నానని, డానీ మెకాస్కిల్ వీడియోలు చూసి సైకిల్ ట్రయల్స్ మీద, అంటే కాలు నేల మీద మోపకుండా సైకిల్‌తో అడ్డంకులు దాటే ఆట మీద, మనసు పడిందని రాశారు. ఏ సైకిల్ కొనాలి, ఎక్కడ నేర్చుకోవాలి, స్నేహితులతో కలిసి ఈ క్రీడను మీ ఊళ్లో ఎలా పరిచయం చేయాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు. నేను బ్రిటన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడి ఒక క్లబ్బులో ట్రయల్స్ నేర్చుకున్నాను. పోటీల్లో పాల్గొన్నాను, తర్వాత చాలాకాలం సెక్షన్ల దగ్గర, అంటే పోటీకి హద్దులు కట్టిన దారుల దగ్గర, నిలబడి మార్కులు వేశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో వారాంతాల్లో కొంతమంది పిల్లలకు నేర్పుతున్నాను. మీ మూడో ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తాను. దానికి సమాధానం దొరికితే మొదటి రెండూ సగం తీరిపోతాయి.

మీరు చూసిన వీడియోలు వేరు, ట్రయల్స్ పోటీ వేరు. మెకాస్కిల్ స్కాట్లాండ్‌లోని స్కై దీవి మనిషి. ఎడిన్‌బరోలో సైకిల్ షాపులో మెకానిక్‌గా పనిచేస్తూ, ఆ నగర వీధుల్లో తీసిన వీడియోతో 2009 ఏప్రిల్‌లో ప్రపంచానికి తెలిశాడు. మొనదేలిన ఇనుప ఊచల కంచె మీద సైకిల్ నడిపే దృశ్యం అందులోదే. అలాంటి దృశ్యం కోసం అదే ప్రయత్నం మళ్లీ మళ్లీ చేస్తారు, కుదిరినదాన్ని ఉంచుతారు. అది గొప్ప కళ, నాకూ ఇష్టమే. పోటీలో మాత్రం మీ వంతు వచ్చినప్పుడు రెండు నిమిషాల సమయం, ఒకే ప్రయత్నం, పక్కన మార్కులు వేసే అబ్జర్వర్. కాలు నేల మీద మోపకుండా, రాయి నుంచి రాయికి, దుంగ మీదికి, గోడ మీదికి దారి వెతుక్కుంటూ పోవాలి. వేగంతో పని లేదు. ముందు వచ్చినవాడు గెలిచేది కాదు, తప్పులు తక్కువ చేసినవాడు గెలిచేది.

ఈ ఆట స్పెయిన్‌లోని కాటలోనియాలో పుట్టింది. మోంటెసా మోటార్‌సైకిల్ కంపెనీకి బండ్లు నడిపిన పేరె పీ అనే ఆయన, మోటార్‌సైకిల్ ట్రయల్స్‌కు కావలసిన నేర్పును పిల్లలు సైకిల్ మీదే నేర్చుకోవచ్చని 1970లలో ఆలోచించాడు. ఆయన కొడుకు ఓట్ పీ తర్వాత సైకిల్ ట్రయల్స్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మోటార్‌సైకిల్ ట్రయల్స్‌లో ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన జోర్డి తార్రెస్, 2007 నుంచి ఆ క్రీడను ఏలుతున్న టోనీ బౌ ఇద్దరూ కాటలాన్లే, ఇద్దరూ సైకిల్ ట్రయల్స్ నుంచి వచ్చినవారే. ఒక చిన్న ప్రాంతం నుంచి ఇంతమంది రావడానికి కారణం అక్కడి రాళ్లు కాదు. ఊరికొక క్లబ్బు, క్లబ్బుకు కొన్ని సెక్షన్లు, ఆదివారం పొద్దున అక్కడ నిలబడి మార్కులు వేసే పెద్దలు. వీడియోలు మనసును రేపుతాయి. క్రీడను నిలబెట్టేది మాత్రం క్రమం తప్పకుండా జరిగే చిన్న పోటీ. మీకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

ఇప్పుడు సెక్షన్ సంగతి. ప్లాస్టిక్ రిబ్బన్‌తో రెండు వైపులా హద్దు కట్టిన దారిని సెక్షన్ అంటారు. దానికి ఒక ఆరంభ గీత, ఒక ముగింపు గీత ఉంటాయి. మధ్యలో అక్కడక్కడ బాణం గుర్తులు జతగా పెడతారు. ఆ జతను గేటు అంటారు. సైకిల్ రెండు చక్రాలూ ఆ జత మధ్య నుంచే పోవాలి. పాత పద్ధతిలో లెక్క చాలా సులువు. ఒకసారి కాలు మోపితే ఒక పెనాల్టీ. పడిపోయినా, రెండు కాళ్లూ మోపినా, రిబ్బన్ దాటినా ఐదు, అక్కడితో ఆ సెక్షన్ ముగుస్తుంది. కాలు మోపకుండా దాటితే సున్నా. రోజంతా అయ్యాక ఎవరికి తక్కువ ఉంటే వారు గెలిచినట్టు.

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ ఇటీవలి సంవత్సరాల్లో లెక్కను తిరగేసింది. సెక్షన్‌కు ఆరు గేట్లు, ఒక్కో గేటు దాటితే 10 మార్కులు, మొత్తం 60. మీ ఊళ్లో కొత్తవాళ్లతో మొదలుపెడుతున్నారు కాబట్టి ఈ పద్ధతినే తీసుకోండి అని గట్టిగా చెబుతాను. పాత లెక్కలో కొత్త కుర్రవాడికి ప్రతి సెక్షన్‌లోనూ ఐదే పడుతుంది. సాయంత్రం కాగితం నిండా ఐదులు చూసుకుని ఇంటికి పోతాడు, మళ్లీ రాడు. గేట్ల లెక్కలో మొదటి రెండు గేట్లు దాటినా 20 వస్తాయి. పోయిన నెల 20, ఈ నెల 30 అన్నప్పుడు వాడి ముఖం చూడాలి. పిల్లవాడు నేర్చుకున్నది కాగితం మీద కనిపించాలి. అప్పుడే మరుసటి ఆదివారం కోసం ఎదురుచూస్తాడు.

మొదటిసారి సెక్షన్ వేసేవారు రాళ్లను చూసి, తమకు ఏది కష్టమో అది పెట్టేస్తారు. అలా వద్దు. ముందు ఆ చోట ఖాళీ చేతులతో నడవండి. ఎక్కడ పడితే ఎటు పడతారో చూడండి. పదునైన అంచు, గాజుపెంకు, వెనక లోతు ఉన్న చోట గేటు పెట్టకండి. ఎత్తైన దాని మీదికి ఎక్కే చోట కింద ఒకరు నిలబడి పట్టుకోవడానికి జాగా ఉండాలి. మొదటి గేటు అందరూ దాటేలా ఉండాలి, చివరి గేటు మీలో బాగా నడిపేవాడికి కూడా సందేహంగా ఉండాలి. మధ్యలోవి క్రమంగా కష్టమవ్వాలి. ఎత్తు ఒక్కటే కష్టం కాదు. రెండు అడుగుల ఎత్తు ఎక్కగలిగినవాడు అరడుగు వెడల్పు దిమ్మె మీద మలుపు తిరగలేకపోవచ్చు. అలాంటి మలుపులు పెడితే బలంతో నెట్టుకొచ్చేవాడికీ నిదానంగా ఆలోచించేవాడికీ పోటీ సమం అవుతుంది.

ఒకే రాళ్ల మీద మూడు స్థాయిలు వేయవచ్చు. యూరప్ క్లబ్బుల్లో ఒక్కో స్థాయికి ఒక్కో రంగు బాణాలు ఉంటాయి. చిన్న పిల్లలు రాయి పక్కనుంచి, కొంత నేర్చినవారు దాని భుజం మీదుగా, పైస్థాయివారు నడినెత్తి మీదుగా పోతారు. స్థలం అదే, రిబ్బన్ అదే, అబ్జర్వర్ ఒకరే. పదేళ్ల పిల్లవాడు తన వంతు ముగించుకుని అదే రాయి మీద పెద్దవాళ్లు ఏం చేస్తున్నారో కళ్లారా చూస్తాడు. దానికి మించిన పాఠం ఏ శిక్షకుడూ చెప్పలేడు. బాణాలను అట్టముక్కల మీద గీసి, చిన్న రాళ్లతో అదిమి పెట్టండి. బండలకు రంగు పూయవద్దు, ఏమీ అంటించవద్దు. పోటీ అయ్యాక రిబ్బన్ ముక్క ఒకటి కూడా అక్కడ మిగలకూడదు.

అబ్జర్వర్‌గా ఎవరిని పెట్టాలి అంటే, నడపనివారిని కూడా పెట్టండి. మీ స్నేహితుల అక్కలు, తమ్ముళ్లు, తల్లిదండ్రులు ఎవరైనా సరే. నియమాలు పావుగంటలో నేర్పవచ్చు. ప్రతి రైడర్ మెడలో ఒక మందపాటి కాగితం కార్డు, అబ్జర్వర్ చేతిలో కాగితాలకు రంధ్రం పెట్టే పంచ్. మార్కు ఉన్న గడిలో రంధ్రం పడితే తర్వాత ఎవరూ దిద్దలేరు, వానకు చెరగదు. కొడుకు కాలు మోపాడా లేదా అని కన్ను ఆర్పకుండా చూసిన తండ్రికి, ఇది రోడ్డు మీద చక్రం లేపే ఆకతాయితనం కాదని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. మన ఊళ్లలో ఈ అపోహ చాలా బలంగా ఉంది. సైకిల్ మీద విన్యాసం అనగానే ట్రాఫిక్ పోలీసులు, ఆసుపత్రి గుర్తొస్తాయి. అందుకే ప్రచారంలో స్టంట్ అనే మాట వాడకండి. రోడ్డు మీద, పార్కింగ్ స్థలాల్లో ప్రదర్శనలు ఇవ్వకండి. పాఠశాల ఆటస్థలంలో చెక్క ప్యాలెట్లు పేర్చి, పిల్లల్లోంచి ఇద్దరికి పంచ్ ఇచ్చి మార్కులు వేయమనండి. చూసేవాళ్లు నియమం తెలుసుకున్న క్షణం నుంచి ఆట వాళ్లది అవుతుంది.

ఇక సైకిల్. ఇప్పుడే ట్రయల్స్ సైకిల్ కొనకండి. పోటీకి చేసినవి ప్రధానంగా రెండు రకాలు, 20 అంగుళాలవి, 26 అంగుళాలవి. 20 అంగుళాల దానికి సీటే ఉండదు, కింద గేర్ పళ్లను కాపాడే లోహపు పలక ఉంటుంది. మెకాస్కిల్ నడిపే లాంటివి 24 అంగుళాల వీధి ట్రయల్స్ సైకిళ్లు. మూడూ ఇక్కడి షాపుల్లో తేలికగా దొరకవు, విదేశాల నుంచి తెప్పించుకుంటే సుంకాలతో కలిపి విద్యార్థికి మోయలేని భారం. దానికి బదులు పాత 26 అంగుళాల మౌంటెన్ సైకిల్ ఒకటి చూడండి. ఫ్రేము మీ ఎత్తుకు కాస్త చిన్నదిగా, ముందు ఫోర్కు స్ప్రింగు లేనిదిగా ఉండాలి. చౌక సస్పెన్షన్ ఫోర్కు మీరు పెట్టిన బలాన్నంతా మింగేస్తుంది. సీటును పూర్తిగా కిందికి దించండి. ముందు మూడు పళ్ల చక్రాలు ఉన్న సైకిలైతే అతి చిన్నదానికి సాధారణంగా 22 పళ్లు ఉంటాయి. దాన్ని వెనక 18 పళ్లదానితో జత చేస్తే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒకటింబావు చుట్టు కంటే కొంచెం తక్కువ తిరుగుతుంది. 26 అంగుళాల ట్రయల్స్ సైకిళ్లలోనూ దాదాపు ఇదే నిష్పత్తి. మీ వీధి చివర మెకానిక్ గంటలో చేసిపెడతాడు.

డబ్బు పెట్టాల్సింది బ్రేకుల మీద, చైను మీద. ట్రయల్స్‌లో బ్రేకు ఆపడానికి కాదు, నిలబడటానికి. వెనక చక్రం మీద నిలుచున్నప్పుడు బ్రేకు వెంట్రుకవాసి జారినా మీరు నేల మీద ఉంటారు. కొత్త ప్యాడ్లు వేయించండి, రిమ్ముకు నూనె అంటకుండా చూడండి. పోటీ రైడర్లు రిమ్ము అంచులను గ్రైండర్‌తో గరుకు చేస్తారు. పాత పల్చటి రిమ్ము మీద ఆ పని చేస్తే రిమ్మే పోతుంది, మీరు చేయకండి. చైను తెగినా, ఫ్రీవీల్ జారినా మోకాలు నేరుగా హ్యాండిల్‌కు తగులుతుంది. కాబట్టి అరిగిన చైను, పళ్లు జారే ఫ్రీవీల్ ఉంచుకోకండి. హెల్మెట్, పిక్కల ముందు భాగానికి ఫుట్‌బాల్ ఆటగాళ్లు పెట్టుకునే గార్డులు, చేతి తొడుగులు తప్పనిసరి. వెనక టైరులో గాలి కొంచెం తగ్గించండి, రాయిని పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పంక్చర్ అవుతుంది.

నేర్చుకునే క్రమంలో కదలకుండా నిలబడటమే మొదటి మెట్టు. కొద్దిగా ఎగువకు ఉన్న చోట, పెడళ్లు రెండూ నేలకు సమాంతరంగా, ముందు కాలు ఏ వైపుదో ఆ వైపు చక్రం తిప్పి నిలబడండి. చూపు చక్రం మీద కాదు, రెండు మూడు గజాల అవతల. ఇది ఒంటికి పట్టాక రెండు బ్రేకులూ పట్టి అక్కడికక్కడే ఎగరడం, ఆ తర్వాత ముందు చక్రం లేపి వెనక చక్రం మీదే గెంతుతూ నిలవడం. చేతులు చాచి, నడుము వెనక్కి పెట్టాలి. చాలామంది చేతులు ముడుచుకుని సైకిల్‌ను ఛాతీ మీదికి లాక్కుంటారు, అందుకే వెంటనే పడిపోతారు. అక్కడి నుంచి వచ్చేది పెడల్ కిక్. వెనక చక్రం మీద నిలిచి, బ్రేకు వదిలి, పెడల్ పావు చుట్టు తొక్కుతూ అదే క్షణంలో దూకి, దిగగానే బ్రేకు పట్టడం. రాయి నుంచి రాయికి దూకేది దీనితోనే. దీనికి నెలలు పడుతుంది, పట్టనివ్వండి. వీటన్నిటికంటే ముందు గడ్డి మీద నేర్చుకోవలసింది ఒకటుంది. వెనక చక్రం మీద ఉండగా సైకిల్‌ను ముందుకు వదిలేసి, రెండు కాళ్ల మీద వెనకవైపు దిగడం. అలా దిగడం అలవాటైనవారికి భయం పోతుంది. భయం పోయినవారే ఎత్తులు ఎక్కుతారు.

ఎక్కడ అని అడిగారు. మీరు ఉన్న చోటు చూస్తే నాకు సంతోషంగా ఉంది. దక్కన్ గ్రానైట్ సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. హనుమకొండ గుట్టలైనా, హైదరాబాద్‌లో ఖాజాగూడ బండలైనా, రాయలసీమ కొండలైనా, ఎండి ఉన్నప్పుడు టైరును ఆ రాయి పట్టినట్టు బ్రిటన్ తడి రాళ్లు ఎన్నడూ పట్టవు. కానీ అదే రాయి పడితే చర్మాన్ని గీరేస్తుంది. వానాకాలం పాచి పట్టిన బండ మీద సైకిల్ పెట్టకండి. వేసవిలో తెల్లవారుజామునే ముగించుకోండి, తొమ్మిది దాటితే రాయి కాలుతుంది. మొదటి కొన్ని నెలలు ఆటస్థలంలోనే గడపండి. గోదాముల దగ్గర దొరికే చెక్క ప్యాలెట్లు, లారీ టైర్లు, దుంగలు చాలు. యూరో ప్యాలెట్ ఎత్తు 14 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. ఒకటి, రెండు, మూడు పేర్చుకుంటూ పోతే ఎంత ఎత్తు ఎక్కగలరో మీకే తెలుస్తుంది. మోకాలెత్తు ప్యాలెట్లు నమ్మకంగా ఎక్కేదాకా గుట్టకు పోవద్దు.

గుట్టల విషయంలో నేను కచ్చితంగా ఉంటాను. మన గుట్టల మీద గుడో, దర్గానో, ఊరివాళ్లు పసుపు కుంకుమ పెట్టిన రాయో ఉంటుంది. ముందుగా ఊరి పెద్దలను కలిసి, ఏ రాళ్ల మీదికి పోకూడదో అడిగి తెలుసుకోండి. కోట గోడలు, పాత మెట్లు, శాసనాలు ఉన్న బండలు పూర్తిగా నిషేధం అనుకోండి. రక్షిత కట్టడాల మీద సైకిల్ పెట్టడం చట్టరీత్యా నేరం, పైగా ఒక్క ఫోటోతో మొత్తం క్రీడకే చెడ్డపేరు వస్తుంది. హైదరాబాద్‌లో 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ బండలను కాపాడటానికి పనిచేస్తోంది, వాటిని చూపించడానికి నడకలు కూడా నిర్వహిస్తుంది. క్వారీలకూ కాంక్రీటుకూ పోతున్న రాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. మనం ఆడుకునే చోటును కాపాడటానికి మనమే ముందుండాలి. ప్రతి పోటీకి ముందు అరగంట అందరూ కలిసి అక్కడి సీసాలు, ప్లాస్టిక్ ఏరండి. ఊరివాళ్లు గమనిస్తారు, రెండోసారి అనుమతి అడగడం సులువవుతుంది.

మీ స్నేహితుల జాబితాలో అందరూ అబ్బాయిలే ఉన్నారు. అమ్మాయిలను మొదటి రోజు నుంచే పిలవండి, తర్వాత చూద్దాం అనుకోకండి. ఈ ఆటలో కండబలం కంటే సమతూకం, సమయం చూసుకోవడం ముఖ్యం. స్విట్జర్లాండ్‌కు చెందిన కారిన్ మోర్, జర్మనీకి చెందిన నీనా రైకెన్‌బాక్ ఎన్నోసార్లు ప్రపంచ చాంపియన్లు అయ్యారు. వారి వీడియోలు మీ స్కూలు ప్రదర్శనలో చూపించండి. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో నిలబడటం, వెనక చక్రం మీద గెంతడం త్వరగా పట్టుకున్నది ఎక్కువగా అమ్మాయిలే.

గుర్తింపు, ప్రభుత్వ సాయం గురించి కూడా రాశారు. ప్రపంచ స్థాయిలో ట్రయల్స్ యూసీఐ కిందికే వస్తుంది. 2017లో చైనాలోని చెంగ్డూలో మొదలైన అర్బన్ సైక్లింగ్ ప్రపంచ పోటీల్లో ఇది ఒక విభాగం, 2023లో గ్లాస్గోలో చాలా సైక్లింగ్ క్రీడల ప్రపంచ పోటీలు ఒకేసారి జరిగినప్పుడు ఇదీ ఉంది. ఒలింపిక్స్‌లో లేదు. అందుకే ఉద్యోగ కోటా, పతకాల నిధుల ఆశతో మొదలుపెడితే నిరాశే మిగులుతుంది, తల్లిదండ్రులకు అలాంటి మాట ఇవ్వకండి. మన దేశంలో సైక్లింగ్‌ను చూసేది సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, దాని కింద రాష్ట్ర, జిల్లా సంఘాలు. వాళ్ల దగ్గరికి ఉత్త వినతిపత్రంతో వెళ్లకండి. ఆరేడు నెలలు వరసగా నెలకొక పోటీ పెట్టి, కార్డులు, ఫలితాల పట్టికలు, పాల్గొన్నవారి వయసులు, గాయాల వివరాలు ఒక ఫైలులో దాచుకుని అప్పుడు వెళ్లండి. చేతిలో లెక్క ఉన్నవారితో మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. ప్రతి పోటీకి ప్రథమ చికిత్స పెట్టె, దగ్గరి ఆసుపత్రి నంబరు, పద్దెనిమిదేళ్లలోపు వారికి తల్లిదండ్రుల సంతకం ఉండాలి.

మొదటి పోటీ ఎప్పుడు పెట్టాలి అంటే, వానలు తగ్గి రాళ్లు ఎండే దీపావళి తర్వాత ఒక ఆదివారం పెట్టండి. మీ ఆటస్థలంలోనే మూడు సెక్షన్లు, ఒక్కోదానికి ఆరు గేట్లు, మూడు రంగులు, రెండు రౌండ్లు. ఎనిమిది మంది వస్తే చాలు, ఉదయం ఏడింటికి మొదలైతే పదిన్నరకు అయిపోతుంది. ఈలోగా సెక్షన్ల బొమ్మలు గీసి ఇక్కడే పెట్టండి. గేట్ల ఎత్తులు, దూరాలు సెంటీమీటర్లలో రాయండి. ఏది ఎక్కువో ఏది తక్కువో చూసి చెబుతాను.